పాడి లెక్క చదివిన బిడ్డ సంఘానికి కావాలి

(సోంపేటలో పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యవసాయ అర్థశాస్త్రం, వ్యవసాయ వ్యాపార నిర్వహణ అనే విశ్వవిద్యాలయపు చదువులను గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. పేర్లు వింటే ఇవి మనకు సంబంధించినవి కావేమో అనిపిస్తుంది. ఇంటర్మీడియట్ పాసైన పిల్లవాణ్ణి ఏం చదువుతావని అడిగితే ఇంజనీరింగు అంటాడు, లేదా డాక్టరీ అంటాడు. వ్యవసాయ కళాశాలలో చేరాలనుకునే పిల్లలు కూడా విత్తనాలూ, పురుగుమందులూ, భూసారమూ నేర్చుకోవడానికే అనుకుంటారు. అదే కళాశాలలో లెక్కలు నేర్పే శాఖ ఒకటి ఉన్నదని చాలామందికి తెలియదు. ఈ రోజు నేను ఆ శాఖను గురించే చెబుతాను. అది మన పాల కేంద్రానికి ఎంత దగ్గరి చదువో చూపిస్తాను.

పల్లెల్లో పుట్టిన చదువు

ఈ శాస్త్రం మన దక్షిణాదిన పల్లెల్లోనే మొదలైంది. 1915లో గిల్బర్ట్ స్లేటర్ అనే ఆయన మద్రాసు విశ్వవిద్యాలయానికి అర్థశాస్త్ర ఆచార్యుడుగా వచ్చారు. ఆనాడు మన ప్రాంతమూ మద్రాసు రాజధానిలోనిదే. ఇక్కడి పల్లెల సంగతి ఇంగ్లండు పుస్తకాల్లో దొరకదని ఆయనకు తోచింది. విద్యార్థుల చేతికి ప్రశ్నల పట్టిక ఇచ్చి, సెలవుల్లో మీ సొంత ఊళ్లకు వెళ్లి ఎవరికి ఎంత భూమి ఉంది, ఎంత అప్పు ఉంది, ఎన్ని పశువులు ఉన్నాయి, ఏమి తింటున్నారు అన్నది రాసుకు రమ్మన్నారు. ఆ వివరాలు 1918లో పుస్తకంగా వచ్చాయి.

తరువాత ఆ దారిలో నడిచినవారిలో మన తెలుగువాడైన ఆచార్య ఎన్.జి. రంగా ఒకరు. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో 1900లో పుట్టి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి, డెల్టా గ్రామాల ఆర్థిక స్థితిని పరిశీలించి 1926లో పుస్తకం ప్రకటించారు. మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో పాఠాలు చెప్పారు. ఆ చదువును ఆయన రైతు ఉద్యమానికి వినియోగించారు. ఈ సోంపేట పక్కనున్న బారువలో పుట్టిన సర్దార్ గౌతు లచ్చన్నగారు ఆయనకు సహచరులు. 1967లో రంగాగారు మన శ్రీకాకుళం నుంచే లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1964లో ఏర్పడిన రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఆయన పేరే పెట్టారు. శిస్తు విషయంలోనైనా, ధర విషయంలోనైనా లెక్క చేతబట్టుకుని మాట్లాడే రైతు మాటకు విలువ ఉంటుందని ఆయన జీవితం చెబుతుంది.

మూడు నష్టాలు

ఇక మన పాల విషయానికి వద్దాం. నేను చెప్పే అంకెలు లెక్క చూపడానికి అనుకున్నవి మాత్రమే. మీ మీ ఇళ్ల అంకెలు వేసుకుని సరిచూసుకోండి.

ఒక ఇంట్లో ఒక గేదె రోజుకు 5 లీటర్లు ఇస్తున్నదనుకుందాం. తూకానికి అది సుమారు 5.15 కిలోలు. వెన్న 6 శాతం అయితే రోజుకు 309 గ్రాముల వెన్న. కిలో వెన్నకు 700 రూపాయల రేటు అనుకుంటే రోజుకు 216 రూపాయలు. ఏడాదిలో 280 రోజులు పాలిచ్చిందనుకుందాం.

మొదటి నష్టం అందరికీ తెలిసినదే. పరీక్షలో 6 శాతానికి బదులు 5.5 అని వచ్చింది. ఆ అర పాయింటుకు రోజుకు 18 రూపాయలు పోతాయి. పది రోజుల బిల్లులో 180 రూపాయలు. 280 రోజులకు 5,040 రూపాయలు. పాల కేంద్రం దగ్గర మన గొడవలన్నీ ఈ అర పాయింటు మీదనే.

రెండవ నష్టం దాణాలో ఉంది. ఆ గేదెకు రోజుకు 3 కిలోల దాణా పెడుతున్నాం, కిలో 30 రూపాయలు అనుకుందాం. పచ్చిమేత చాలినంత ఉంటే ఒక కిలో తగ్గించినా పాలు తగ్గవనుకుందాం. అలాంటి చోట ఆ కిలో దాణా రోజుకు 30 రూపాయల అదనపు ఖర్చే. 280 రోజులకు 8,400 రూపాయలు. మేత పెంచే ఖర్చు ఇందులోంచి తీసివేయాలి. అయినా మన ఉద్దానంలో కొబ్బరి చెట్ల నడుమ నేల ఉంది. నీడను తట్టుకునే గినీ గడ్డిని కొబ్బరి తోటల్లో పెంచడం చాలా చోట్ల ఉన్న అలవాటే.

మూడవ నష్టం ఎవరి కంటికీ కనపడదు. ఈతకూ ఈతకూ మధ్య వ్యవధి 14 నెలలు, అంటే సుమారు 420 రోజులు ఉంటే 140 రోజులు వట్టిపోయిన కాలం. ఎద గుర్తించక, సకాలంలో సూది వేయించక ఆ వ్యవధి 18 నెలలకు, అంటే 540 రోజులకు సాగితే వట్టిపోయిన కాలం 260 రోజులు అవుతుంది. పాలు లేని ఆ అదనపు 120 రోజులూ మేతకు రోజుకు 120 రూపాయలు అయినా 14,400 రూపాయలు.

ఈ మూడూ పక్కపక్కన రాయండి: 5,040, 8,400, 14,400. మనం ఎక్కువగా పోట్లాడేది అన్నిటికన్నా చిన్న నష్టం మీద. పెద్ద నష్టం పశువుల సాలలో నిశ్శబ్దంగా జరిగిపోతున్నది. అర పాయింటు ముఖ్యం కాదని నేను అనడం లేదు. పరీక్ష సరిగా ఉన్నదన్న నమ్మకం లేకపోతే సంఘమే నిలవదు. యంత్రాన్ని తరచుగా సరిచూపించాలి, సభ్యుడి ఎదుటనే పరీక్ష జరగాలి. కానీ అన్ని నష్టాలనూ ఒక కాగితం మీద పెట్టి, ఏది ముందు సరిచేసుకోవాలో చెప్పే మనిషి మన సంఘాల్లో లేడు. వ్యవసాయ అర్థశాస్త్రం నేర్పేది అదే. ఉన్న కొద్ది డబ్బును, ఉన్న కొద్ది నేలను, ఉన్న కొద్ది సమయాన్ని దేని మీద పెడితే ఎక్కువ ఫలితం వస్తుందో చెప్పే శాస్త్రం అది.

ఇంటి కష్టానికి ఖరీదు

రెండవ లెక్క మన అక్కచెల్లెళ్లకు సంబంధించింది. అదే గేదెకు రోజుకు దాణా 90, గడ్డి 60, మందులూ బీమా వగైరా 10, మొత్తం 160 రూపాయలు చేతి నుంచి పోయిందనుకుందాం. వచ్చింది 216. మిగిలింది 56 రూపాయలు. ఇది లాభమా?

పాలు పిండడం, మేత కోసుకురావడం, కడగడం, పేడ ఎత్తడం, పాలు మోసుకెళ్లి పోయడం అన్నీ కలిపి రోజుకు మూడు గంటలు. గంటకు 50 రూపాయలు కట్టినా 150. దాన్ని కూడా కలిపితే రోజుకు 94 రూపాయల నష్టం. ఇంట్లో మనిషి చేసే పని కాబట్టి లెక్కలోకి రాలేదు. ఉచితంగా వచ్చినట్లు కనిపించింది.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. పంటల మద్దతు ధరలను సిఫారసు చేయడానికి 1965లో ఒక కమిషన్ ఏర్పడింది. 1985 నుంచి దాన్ని వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ అంటున్నారు. అది సాగు ఖర్చును అంచెలంచెలుగా కడుతుంది. చేతి నుంచి పోయిన ఖర్చు ఏ-2. ఇంటిల్లిపాది కష్టం ఎఫ్.ఎల్.; సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సి-2. ఏ అంచె మీద ధర కట్టాలి అన్నదే ఇన్నేళ్లుగా రైతు సంఘాలకూ ప్రభుత్వాలకూ మధ్య నడుస్తున్న వాదం.

మన కొబ్బరి నుంచి వచ్చే కురిడీకి మద్దతు ధర జాబితాలో చోటు ఉంది. పాలకు లేదు. అంటే లీటరు పాలకు ఎంత ఖర్చవుతున్నదో ఆ కమిషన్ మన తరఫున లెక్క కట్టి పెట్టదు. మనమే కట్టుకోవాలి. పాల రేటు నిర్ణయించే సమావేశానికి మన ప్రతినిధి వెళ్లినప్పుడు దాణా ధర పెరిగిందండీ అని చెబితే అది మొర అవుతుంది. మా ప్రాంతంలో ఇన్ని ఇళ్లలో ఏడాది పాటు రాసిన పద్దు ఇది, లీటరుకు ఇంత పడుతున్నది అని కాగితం పెడితే అది వాదన అవుతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ మూడు గంటలకూ నిజంగా 150 రూపాయలు కట్టవచ్చునా? ఆ సమయంలో వేరే పని దొరికేటట్లయితేనే ఆ ఖరీదు. పలాస జీడి పరిశ్రమలో కూలికి వెళ్లగలిగిన ఆడమనిషికి ఆ మూడు గంటల విలువ ఎక్కువ. ముసలి తల్లికీ, చంటిబిడ్డ ఉన్న కోడలికీ తక్కువ. కాబట్టి ఒకే గేదె ఒక ఇంటికి లాభం, పక్క ఇంటికి నష్టం కావచ్చు. పాడి పెంచండి అని అందరికీ ఒకే సలహా చెప్పడం సరికాదని ఈ శాస్త్రం నేర్పుతుంది. ఏ ఇంటికి రెండో గేదె తగునో, ఏ ఇంటికి ఉన్న ఒక్కటే చాలునో లెక్క వేసి చెప్పగలగాలి.

పాడి విలువను ఒక్క రోజు లెక్కతోనే తేల్చరాదని కూడా ఆ శాస్త్రమే చెబుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని తుడిచిపెట్టింది. కొబ్బరి, జీడి కూలిపోయాయి. కొత్తగా పెట్టిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. పశువు మిగిలిన ఇంటికి మాత్రం పాల కేంద్రం మళ్లీ తెరవగానే పదిరోజుల బిల్లు మొదలవుతుంది. నష్టభయాన్ని పంచుకునే ఈ గుణానికి కూడా ఖరీదు కట్టవచ్చు. దాన్నీ ఆ తరగతిలోనే నేర్పుతారు.

జీడి పిక్క చెప్పే పాఠం

వ్యవసాయ వ్యాపార నిర్వహణ అనే రెండవ చదువు ఎందుకో తెలుసుకోవాలంటే పలాస దాకా వెళితే చాలు. ఉద్దానం రైతు జీడి పిక్కలను 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతాడు. అక్కడితో అతని పాత్ర సరి. కాల్చడం లేదా ఉడకబెట్టడం, కొట్టడం, పొర తీయడం, గుండు, బద్ద, ముక్క అని రకాలు ఏరడం, డబ్బాల్లో సర్దడం, దూరపు ఊళ్లకు పంపడం ఇతరుల చేతిలో ఉన్నాయి. విదేశాల నుంచి పిక్కలు దిగుమతి అయితే ఇక్కడ ధర ఎందుకు తగ్గిందో కూడా రైతుకు తరువాత గాని తెలియదు.

పాల విషయంలో మనకు వేరే దారి ఉంది. పాలు పోసే మనిషే సంఘానికి యజమాని. సంఘాలు కలిసి యూనియన్, యూనియన్లు కలిసి సమాఖ్య. శీతలీకరణ, ప్యాకెట్టు, నెయ్యి, పెరుగు, అమ్మకం అన్నీ పాడి రైతుల సొంతమయ్యే ఏర్పాటు ఇది. కాని యజమానికి వ్యాపారం తెలియకపోతే యాజమాన్యం కాగితం మీదనే మిగులుతుంది. సర్వసభ్య సమావేశంలో జమాఖర్చుల పట్టిక చదివినప్పుడు మనలో ఎంతమందికి అర్థమవుతున్నది? ఎండాకాలంలో పాలు తగ్గి గిరాకీ పెరిగినప్పుడు, చలికాలంలో పాలు పొంగి నిల్వ పేరుకున్నప్పుడు, పాలపొడి ధర పడిపోయినప్పుడు మన బిల్లు ఎందుకు మారుతుందో ఎంతమందిమి ప్రశ్నించగలం?

ఈ ఇబ్బంది ఆనంద్‌లోనూ ఎదురైంది. 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన ఖేడా జిల్లా రైతులు యూనియన్ పెట్టుకున్నారు. వ్యాపారం పెరిగిన కొద్దీ రైతుల పక్షాన పనిచేసే నిపుణులు అవసరమయ్యారు. పట్టణపు కంపెనీల కోసం తయారైన మేనేజర్లు పల్లెలకు రావడం అరుదు. అందుకే 1979లో డాక్టర్ కురియన్ ఆనంద్‌లో గ్రామీణ నిర్వహణ సంస్థను స్థాపించారు. 2025లో పార్లమెంటు చట్టంతో అదే త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయం అయింది. రైతులు నిపుణులను జీతానికి పెట్టుకుని తమ వ్యాపారం తామే నడిపించుకోవాలన్నది అక్కడి మూలసూత్రం.

పద్దులో లేనిది

ఇప్పుడు మన సోంపేటలోనే జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. మన బీలలు మీకందరికీ తెలుసు. ఆ చిత్తడి నేలలో నీరు ఉంది, చేప ఉంది, వరి ఉంది, పశువులకు మేత ఉంది. అక్కడ విద్యుత్ కేంద్రం కట్టాలని తలపెట్టినప్పుడు కాగితాల్లో అది పనికిరాని బీడు భూమిగా నమోదై ఉంది. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ఇక్కడివారి ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది.

దాని రాజకీయాల జోలికి నేను పోను. లెక్క మాట మాత్రం చెబుతాను. ఒక గేదె బీలలో రోజంతా మేసి వస్తే ఇంట్లో ఎంత గడ్డి మిగిలింది? అలాంటి గేదెలు ఎన్ని? చేపలు పట్టి బతికే ఇళ్లు ఎన్ని? ఆ నీటితో ఎన్ని ఎకరాలు తడుస్తున్నాయి? ఈ పద్దు ఎవరూ ముందుగా రాసి పెట్టలేదు. రాయని దానికి కాగితంలో విలువ సున్నా. ఉమ్మడి నేలలకూ, మేత బంజరులకూ, చెరువులకూ విలువ కట్టే పద్ధతులు ఈ శాస్త్రంలో ఉన్నాయి. ఆ చదువు చదివిన మన పిల్లలు పదిమంది ఉంటే, ఆపద వచ్చినప్పుడు కాదు, ముందే ఆ పద్దు మన దగ్గర ఉండేది.

ఎక్కడ, ఎలా చదవాలి

దారులు క్లుప్తంగా చెబుతాను.

ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదివి, రాష్ట్ర ప్రవేశ పరీక్ష రాసి నాలుగేళ్ల వ్యవసాయ బి.ఎస్‌సి.లో చేరవచ్చు. మన జిల్లాలోనే శ్రీకాకుళం దగ్గర నైరలో 1989 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. బాపట్ల కళాశాల 1945 నాటిది. ఆ నాలుగేళ్లలో అర్థశాస్త్రం కూడా పాఠ్యాంశమే. చివరి ఏడాది విద్యార్థులు పల్లెల్లో రైతుల వెంట కొంతకాలం పనిచేయాలి. రైతు బిడ్డలకు ప్రత్యేకంగా సీట్లు కేటాయిస్తారు. వాటి నిబంధనలు ఏటా వచ్చే ప్రకటనలో శ్రద్ధగా చదువుకోండి. తరువాత రెండేళ్ల ఎం.ఎస్‌సి.లో వ్యవసాయ అర్థశాస్త్రాన్ని ప్రత్యేక విషయంగా తీసుకోవచ్చు.

వ్యాపార నిర్వహణ వైపు వెళ్లదలచినవారికి రంగా విశ్వవిద్యాలయపు సంస్థ తిరుపతిలో ఉంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1987లో ఏర్పడిన ‘మేనేజ్’ సంస్థ ఉంది. పాల సాంకేతిక విద్యకు తిరుపతిలోని వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది.

బి.ఏ., బి.కాం. చదివిన పిల్లలకు దారి మూసుకుపోలేదు. విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సహకారం, అనువర్తిత అర్థశాస్త్రాలకు ఒక శాఖ ఉంది. ఆనంద్ సంస్థలో ఏ డిగ్రీ చదివినవారైనా ప్రవేశ పరీక్ష రాయవచ్చు. పదో తరగతితో ఆగినవారికి రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉంది.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. మన ప్రాంతంలో పాడి పని ఎక్కువగా ఆడవారిదే. ఎద గుర్తించేదీ, దాణా కొలిచేదీ, బిల్లు దాచేదీ వారే. ఈ చదువుకు కావలసిన పునాది వారి దగ్గర ముందే ఉంది. ఆడపిల్లను అంత దూరం పంపాలా అని వెనకాడవద్దు. నైర మన జిల్లాలోనే ఉంది.

సంఘాలు చేయవలసినది

చదువుకున్నవాడు ఊరికి తిరిగి వస్తాడా అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఈ చదువు చదివినవారిలో చాలామంది బ్యాంకులకూ, ప్రభుత్వ శాఖలకూ, కంపెనీలకూ వెళుతున్నారు. దానికి పిల్లల్ని తప్పు పట్టలేం. ఇక్కడ వారికి పని ఎవరు చూపించారు? ఒక్క సంఘం జీతం ఇవ్వలేదు. పది సంఘాలు కలిస్తే ఒకరికి ఇవ్వగలవు. అందుచేత నాలుగు సూచనలు మీ ముందు పెడుతున్నాను.

1. ప్రతి సంఘంలో పది ఇళ్లను ఎంచుకుని ఏడాదిపాటు పాడి పద్దు రాయించండి. దాణా, గడ్డి, గంటలు, పాలు, వెన్న, ఎద, ఈత తేదీలు ఉంటే చాలు. హైస్కూలు చదివే పిల్లలు ఈ పద్దు రాయగలరు.

2. పల్లెల్లో పనికి వచ్చే వ్యవసాయ విద్యార్థులను మన పాల సంఘాలకు పంపమని కళాశాలను కోరండి. వారికి నిజమైన అంకెలు దొరుకుతాయి, మనకు విశ్లేషణ దొరుకుతుంది.

3. ఇంగ్లండులో రాచ్‌డేల్ నేత కార్మికులు 1844లో సహకార దుకాణం పెట్టి, తరువాత లాభంలో నూటికి రెండున్నర వంతు చదువుకు కేటాయించారు. మన సంఘాల మిగులులోంచి కూడా నిబంధనల మేరకు విద్యానిధి తీసి, సభ్యుల పిల్లల్లో ఈ చదువుకు వెళ్లేవారికి పుస్తకాల ఖర్చయినా ఇవ్వండి.

4. పది సంఘాలు కలిసి ఒక లెక్కల నిపుణుడిని, లేదా నిపుణురాలిని నియమించుకునే విషయం రాబోయే సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టండి. జీతం మీరు ఇస్తే ఆ మనిషి మీకు జవాబుదారీగా ఉంటాడు.

సభ్యులారా, పాల ధరను నిర్ణయించేటప్పుడు ఎవరో ఒకరు లెక్క వేస్తూనే ఉంటారు. వేసేవారు మన మనిషి కాకపోతే, మన ఇంటి మూడు గంటల కష్టం ఆ లెక్కలోకి రాదు. పాల కేంద్రానికి క్యానూ, యంత్రమూ ఎంత అవసరమో పాడి లెక్క తెలిసిన బిడ్డా అంతే అవసరం. ఈ ఏడాది మీ ఇళ్లలో ఇంటర్మీడియట్ పూర్తి చేసే పిల్లలతో ఒక్కసారి ఈ మాట చెప్పి చూడండి. పద్దు రాసే పుస్తకాలు కావలసిన సంఘాలు సమావేశం ముగిశాక కార్యదర్శిగారి దగ్గర పేరు నమోదు చేయించుకోగలరు.